నీడకు మూరెడు దూరంలో

నా చిన్నప్పుడు, ఐదో తరగతిలో ఉండగా, మా మేనమామ మీద పగబట్టాను. కోపం కాదు, పగ. కోపమైతే అన్నం తినేలోపు చల్లారేది. ఇది చల్లారలేదు. ఇప్పుడు నాకు అరవై దాటాయి. మనవరాళ్లకు చెప్పే కథలన్నిటిలో నేను మంచిపిల్లనే. ఈ కథ మాత్రం వాళ్లకు ఇంతవరకూ చెప్పలేదు.

మేము గోదావరిఖనిలో కార్మికుల క్వార్టర్లలో ఉండేవాళ్లం. రెండు గదులు, వెనక చిన్న పెరడు, పెరట్లో ఒక నల్లా. మా బాపు బొగ్గుబాయిలో, అంటే గనిలో పనిచేసేవాడు. ఒకరోజు ఫస్టు షిఫ్టు దిగి వస్తూ టిఫిను సంచిలో ఒక తాబేలును తెచ్చాడు. బాయికి పోయే దారిలో రోడ్డు వెయ్యడానికి పొదలు కొట్టేస్తుంటే బయటపడిందట. లారీ చక్రం కింద పడుతుందని జాలిపడి తెచ్చాడు. నా రెండు అరచేతులు కలిపితే ఎంతో అంత ఉండేది. నల్లని డిప్ప మీద పచ్చని గీతలు ఆకాశంలో చుక్కల్లాగా విచ్చుకుని ఉండేవి. అందుకే దానికి చుక్క అని పేరు పెట్టాను. అలాంటి తాబేలును ఇంట్లో పెట్టుకోవడం ఇప్పుడు చట్టం ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. అప్పట్లో మా క్వార్టర్ల లైనులో ఆ సంగతి ఎవరికీ తెలియదు.

మొదటిరోజు నేను చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. తాబేళ్లు నీళ్లలో ఉంటాయని బళ్లో విన్నాను కదా, బకెట్టు నిండా నీళ్లు పట్టి అందులో వదిలాను. అది కాళ్లు కొట్టుకుంటూ మునిగిపోతుంటే ఈదుతోందనుకుని చప్పట్లు కొట్టాను. వరసకు చిన్నాన్న అయ్యే పక్క క్వార్టర్ కాక పిట్టగోడ మీదుగా చూసి, ఒక్క అంగలో దూకి వచ్చి, మోచేతిదాకా చెయ్యి ముంచి దాన్ని పైకి తీశాడు. తల కిందికి వచ్చేట్టు పట్టుకుని ముక్కులోంచి నీళ్లు కారనిచ్చాడు. నన్ను తిట్టలేదు.

"ఇది మెట్ట తాబేలు బిడ్డా. దీనికి ఈత రాదు. తాగనీకె పళ్లెంల ఇన్ని నీళ్లు పోస్తే సాలు" అన్నాడు.

కాక బాయిలో టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దిమ్మలు కోసి నిలబెట్టడం ఆయన పని. ఎక్కడికి వెళ్లినా చేతిలో ఒక కొలత కర్ర ఉండేది. దిమ్మ పొట్టిదైతే కప్పు దిగుతుందని, పొడుగుదైతే అసలు పట్టదని, అందుకే గొడ్డలికన్నా ముందు కర్ర ఎత్తాలని చెప్పేవాడు. పిల్లాపాపా లేని మనిషి. చుక్కకు ఇల్లు కట్టే పని తనంతట తానే నెత్తికెత్తుకున్నాడు.

పెరట్లో పొద్దున ఎండ, మధ్యాహ్నం నీడ పడే మూల చూశాడు. నేల తడిగా ఉంటే తాబేలుకు జబ్బు చేస్తుందని ఎర్రమట్టిలో ఇసుక కలిపి పోయించాడు. పగిలిన కుండను సగం దాకా మట్టిలో పాతి, అది దూరి పడుకోవడానికి గూడు చేశాడు. చుట్టూ ఇటుకలు పేర్చాం. అన్నం, పాలు పెట్టొద్దన్నాడు. గడ్డి, గంగవాయిలి కూర, మందార పూలు పెట్టమన్నాడు. మందార పువ్వును చుక్క తినే తీరు చూడాలి, ఒక్కో రేకూ కొరికి, నమిలి, మధ్యలో ఆగి నన్ను చూసేది. అయితే కాక ఒక మాట గట్టిగా చెప్పాడు. తాబేలు తవ్వుతుంది. గోడ పైకి ఎంత ఉందన్నది లెక్క కాదు, భూమిలోకి ఎంత ఉందన్నది చూడాలి. చుట్టూ మూరెడు లోతు కందకం తవ్వి ఇటుకలు అందులోకి దించాలి.

ఆ కందకం తాను తవ్వుతానని మా మామ ఒప్పుకున్నాడు.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. ఊళ్లో వ్యవసాయం కలిసిరాక, బాయిలో ఉద్యోగం కోసం అమ్మమ్మతో సహా మా ఇంటికి వచ్చి ఉంటున్నాడు. నవ్వితే బాగుండేవాడు, పాటలు పాడేవాడు. పని మాత్రం రేపటికి వేసేవాడు. కందకం కూడా రేపు, ఎల్లుండి అంటూ పది రోజులు వాయిదా వేశాడు. ఈలోపు చుక్క రెండుసార్లు ఇటుకల కింద తవ్వుకుని బయటపడింది. రెండోసారి వెనక లైనుదాకా వెళ్లిపోయింది. అందరం పొద్దుగూకేదాకా వెతికాం. పని చెడగొట్టుకుని వెతికిన అమ్మ, ఇంకోసారి పోతే దాన్ని ఇంట్లో పెట్టనివ్వనంది.

మర్నాడు నేను బడి నుంచి వచ్చేసరికి పెరట్లో మామ ఈల వేస్తున్నాడు. "ఇగ ఎటూ పోదు సూడు" అని నల్లా వైపు చూపించాడు.

భాద్రపదం ఎండ. నల్లా గొట్టానికి కట్టిన సన్నని నైలాను తాడు బిగిసి ఉంది. దాని రెండో కొస చుక్క డిప్ప అంచులోకి దూరి ఉంది. మామ డిప్పకు బొక్క పెట్టాడు. తలుపు బిగించాలని చెప్పి కాక దగ్గర బరమా తెచ్చి, దాంతో తొలిచాడు. బొక్క చుట్టూ ఎర్రగా తడి. గోడ నీడ చుక్కకు మూరెడు దూరంలో ఉంది. అది మెడ ఎంత సాగుతుందో అంత సాచి నీడవైపే లాగుతోంది. లాగినప్పుడల్లా తాడు బొక్క అంచుకు రాసుకుంటోంది. మధ్యాహ్నం అన్నాలప్పుడు కట్టాడట. అంటే అప్పటికి మూడు గంటలుగా ఎండలోనే ఉంది.

నేను అరిచానో లేదో గుర్తులేదు. మామ మాత్రం తేలిగ్గా, "అది గోరు అసొంటిది, నొప్పి ఉండది" అన్నాడు. అమ్మమ్మ నవ్వింది. ఆ నవ్వు కూడా నాలో ఎక్కడో గుచ్చుకుంది.

తాడు కొరికి తెంపాను. చుక్కను ఒళ్లో పెట్టుకుని కాక దగ్గరికి పరుగెత్తాను. ఆయన బొక్కను చూశాడు, తర్వాత పిట్టగోడ మీద పడి ఉన్న తన బరమాను చూశాడు. ముఖం నల్లబడింది. వేపనూనెలో పసుపు కలిపి రాసి, డిప్పకు కూడా ప్రాణం ఉంటుందనీ, గీరితే తెలుస్తుందనీ చెప్పాడు. ఆ రోజు నుంచి చుక్క తినడం మానేసింది. మందార పువ్వు ముందు పెట్టినా తల బయటికి పెట్టలేదు.

నా పగ అక్కడ మొదలైంది. ముందు చిన్నచిన్నవి చేశాను. మామ చాయ్‌లో ఉప్పు కలిపాను. అంగీ మెడపట్టీలో దూలగొండి నూగు రాశాను. ఆయన రోజంతా మెడ గోక్కుంటుంటే గడప మీద కూర్చుని చూశాను. చాలలేదు. చెప్పు తెంపాను. అదీ చాలలేదు. గోక్కున్నవాడు సాయంత్రానికి మళ్లీ పాట ఎత్తుకునేవాడు. ఆ పాట వినపడితే నాకు పళ్లు కొరకాలనిపించేది. ఏం చేస్తే ఈ మనిషి పాట ఆగుతుందా అని బళ్లో కూడా అదే ఆలోచన.

సరిగ్గా అప్పుడే మామకు ఇంటర్వ్యూ కార్డు వచ్చింది. బదిలీ ఫిల్లర్ పని, అంటే డ్యూటీకి రానివాళ్ల బదులు బాయిలో బొగ్గు ఎత్తే పని. ఏడాదిగా దానికోసమే చూస్తున్నాడు. వచ్చే బుధవారం రమ్మని ఉంది. కార్డు చూపనివాడిని లోపలికి రానివ్వరు. అమ్మమ్మ దానికి పసుపు బొట్టు పెట్టి దేవుడి పటం వెనక దాచింది. మర్నాడు అందరూ పనిలో ఉండగా నేను స్టూలు ఎక్కి తీసుకున్నాను. దాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి, చుక్క గూడులో, కుండ అడుగున మట్టిలో పూడ్చాను. బుధవారం దాటాక తీసి మామ ముందు పెడదామని, అప్పుడు ఆయన ముఖం ఎలా ఉంటుందో చూడాలని.

ఇంట్లో మూడు రోజులు నరకం. మామ పరుపులు చింపినంత పని చేశాడు. పాట ఆగిపోయింది. నాకు లోపల పండగలా ఉంది. కానీ నేను అనుకోనిది ఒకటి జరిగింది. మా అమ్మ రోజూ బొగ్గుల పొయ్యి రాజెయ్యడానికి పాత కాగితాలు వాడేది. కార్డును కూడా అలాగే పొయ్యిలో పెట్టిందని అమ్మమ్మ అనుమానించింది. "తమ్ముని బతుకు పొయ్యిల బెట్టినవ్" అని అందరి ముందూ అంది. అమ్మ ఏ కాగితం ఎప్పుడు కాల్చిందో గుర్తుచేసుకుంటూ, నిజంగా తానే కాల్చిందేమోనని అనుమానపడుతూ, ఆ పూట అన్నం ముట్టలేదు. నేను పక్కనే కూర్చుని తిన్నాను. నోరు విప్పలేదు. పగ అంత గట్టిది.

శనివారం పొద్దున కాక చుక్కను చూడటానికి వచ్చాడు. మూడు రోజులుగా ఎండ పొడ తగలలేదని గూట్లోంచి తీయబోయి, కుండ కింద మట్టి వదులుగా ఉండటం గమనించాడు. వేళ్లతో తోడాడు. కవరు బయటికి వచ్చింది. ఆయనకు చదువు రాదు, కానీ దాని మీద పసుపు బొట్టు ఉంది. లైనులో అందరికీ తెలిసిన కార్డే.

ఒక చీపురుపుల్ల తెచ్చి చుక్క డిప్ప బొక్కలో పెట్టి, గోటితో గుర్తు పెట్టి, నాకు చూపించాడు. కందిగింజంత ఉంది. ఆ పుల్లను కార్డు పక్కన పెట్టాడు.

"గాయన చేసింది గింత. నువ్వు చేసేది ఎంత?"

నేను ఏడవలేదు. మామను వదిలిపెట్టనని చెప్పాను. ఎన్నేళ్లయినా వదిలిపెట్టనన్నాను.

వదిలిపెట్టమని కాక అనలేదు. అదే నన్ను ఆశ్చర్యపరిచింది. పెద్దవాళ్లందరూ పోనీలే అంటారు. ఆయన పుల్ల పారేసి, "పగ తీర్చుకో బిడ్డా. నేను సూత అండగుంట. గని కొలిచి తీర్చుకోవాలె" అన్నాడు. తర్వాత నన్ను అడిగాడు, తాడు ఎంత పొడుగుంది, నీడ ఎంత దూరంలో ఉంది, ఎంతసేపు కట్టాడు అని. తెంపిన తాడు నేను పలక సంచిలో దాచుకున్నాను. తెచ్చి ఇచ్చాను.

కార్డు మా గుమ్మం బయట మురికికాలువ పక్కన దొరికిందని, గాలికి కొట్టుకుపోయి ఉంటుందని చెప్పి ఆయనే తీసుకెళ్లి ఇచ్చాడు. మామ ఆయన కాళ్లు పట్టుకున్నాడు. అదే అదనుగా కాక, ఫిల్లర్ల టెస్టులో తట్ట మోయించి చూస్తారనీ, రేపు ఆదివారం తాను నేర్పిస్తాననీ అన్నాడు. మామ సంతోషంగా ఒప్పుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక మొదలుపెట్టారు. కాక మామ నడుముకు ఒక మోకు కట్టి, రెండో కొస నల్లా గొట్టానికి బిగించాడు. బాయిలో ఏటవాలు చోట్ల ఇలా నడుముకు కట్టుకునే పని చెయ్యాలన్నాడు. చేతికి చెమ్మాస్ ఇచ్చాడు, బొగ్గు ఎత్తే పెద్ద పార అది. చుక్క ఇంటి చుట్టూ మూరెడు లోతు కందకం తవ్వి, మట్టి తట్టకెత్తి, ఎండలోనే ఒక పక్క పోయాలి. ఆ వేళప్పుడు నల్లాలో నీళ్లు రావు. మంచినీళ్ల కుండను గోడ నీడలో పెట్టాడు. మోకును ముందే కొలిచి కోశాడు. మామ ఎంత చెయ్యి సాచినా కుండకు మూరెడు ఇవతలే ఆగిపోతాడు. నన్ను కుండ పక్కన పీట వేసి కూర్చోబెట్టాడు.

అరగంటకే మామ ఒళ్లంతా చెమట. గంటకు అరచేతులు బొబ్బలెక్కాయి. ఒకసారి నీళ్లవైపు నడిచాడు. మోకు నడుము పట్టి ఆపింది. నవ్వి, మళ్లీ తవ్వాడు. రెండోసారి నవ్వలేదు. మూడోసారి నావైపు చూశాడు.

"బిడ్డా, జెర నీళ్లియ్యి."

నేను చెంబు ముంచి, నిండా తీసి, ఒళ్లో పెట్టుకున్నాను. "అందుకో మామా" అన్నాను.

ఆయన చెయ్యి సాచాడు. మెడ కూడా సాచాడు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఆ మెడ నరాలు నాకు ఇప్పటికీ కనపడతాయి. నేను చెంబు ముందుకు జరపలేదు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం లాంటిది తర్వాత నా పెళ్లిలో కూడా కలగలేదంటే అబద్ధం కాదు. అది మంచిదని చెప్పడం లేదు. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను.

మామ అప్పుడు నా ఒళ్లో చెంబును, నడుము మోకును, నల్లాను ఒకదాని తర్వాత ఒకటి చూశాడు. అర్థమైంది. కాకవైపు తిరిగి, "తాబేలు కోసమా?" అన్నాడు.

"అవును. ఇంక గంట ఉన్నది" అన్నాడు కాక.

మామ మోకు విప్పుకుని పోవచ్చు. ముడి ఆయన చేతికి అందేలాగే ఉంది. ఎందుకో విప్పుకోలేదు. తల వంచుకుని తవ్వాడు. మామ చేతి బొబ్బలు చితికి చెమ్మాస్ పిడి తడి అయింది. మూడు గంటలు నిండాయని కాక ఎండ పొడ చూసి లెక్కగట్టి, లేచి, మోకు విప్పాడు.

నాకు చాలలేదు. ఇంకాసేపు ఉంచమన్నాను. కాళ్లు నేలకేసి కొట్టాను. ఇంకొంచెం, పొద్దుగూకేదాకా, కనీసం ఇంకో తట్ట అన్నాను. కాక వినలేదు. "అయిపోయింది బిడ్డా. కొలత గంతనే" అన్నాడు. మామ నా చేతిలో చెంబు లాక్కోలేదు. కుండ దగ్గరికి వెళ్లి తానే ముంచుకుని తాగి, వీధిలోకి వెళ్లిపోయాడు.

అప్పుడు ఏడ్చాను. పగ తీరినందుకు కాదు, తీర్చుకోవడం అయిపోయినందుకు. ఇంకా లోపల అంత మిగిలి ఉంటే అది ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఏడ్చాను. బొక్క పెట్టినదానికి ఏదీ అని కాకను నిలదీశాను. తాడుకు తాడు అయింది, బొక్కకు ఏది?

కాక నా ముందు గొంతుక్కూర్చున్నాడు. బరమా తనదని, ఎందుకని అడగకుండా ఇచ్చింది తనేనని, ఆ బాకీ తన మీద ఉందని అన్నాడు. పోగు ఉన్న తన చెవి చూపించి మెలిపెట్టమన్నాడు. మెలిపెట్టాను. ఆయనమీద ప్రేమ ఉందని చేతులు వెనక్కి తగ్గలేదు. రెండు చేతులతో, పోగు గుచ్చుకునేలా తిప్పాను. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆపమని మాత్రం అనలేదు. ఎప్పుడు ఆపాలో ఎవరూ చెప్పకపోయేసరికి, నా వేళ్లే మెల్లగా వదిలేశాయి. నా అంతట నేను ఆగడం అదే మొదటిసారి.

చెవి రుద్దుకుంటూ లేచి, వెళ్లిపోతూ పిట్టగోడ దగ్గర ఆగాడు. "మీ మామది అయింది. నాది అయింది. కార్డు దాసినందుకు మీ అమ్మకు, మామకు నీ కొలత ఉన్నది. అది నేను కొలువ. నువ్వే కొలుసుకో" అన్నాడు. ఆ కార్డు సంగతి ఆయన చనిపోయేదాకా ఎవరికీ చెప్పలేదు.

బుధవారం మామ టెస్టుకు వెళ్లాడు, ఉద్యోగం వచ్చింది. మొదటి డ్యూటీ దిగి వచ్చిన రోజు ఒంటి బొగ్గు కడుక్కోకుండానే పెరట్లోకి వెళ్లి, మిగిలిన కందకంలో ఇటుకలు దించి, మట్టి పూడ్చి, కాలితో తొక్కి గట్టిచేశాడు. చుక్క పదిహేను రోజులకు మందార పువ్వు ముట్టింది. తర్వాత మూడేళ్లు ఆ ఇంట్లో హాయిగా ఉంది. నేను హైస్కూలుకు మారిన ఏడాది బాపు దాన్ని అడవి అంచున వదిలిపెట్టాడు.

ఆ రోజు నుంచి నా జీవితంలో నన్ను బాధపెట్టినవాళ్లు చాలామంది ఉన్నారు. క్షమించానని గొప్పలు చెప్పుకోలేను. నేను పగ మరిచిపోయే మనిషిని కాదు. కానీ ఎవరికైనా ఏదైనా తిరిగి ఇవ్వబోయే ముందు వాళ్లు చేసింది ఎంతో చూస్తాను. దాదాపు ప్రతిసారీ నా చేతిలో ఉన్నదే పెద్దదిగా కనపడింది. తగ్గించి ఇచ్చాను. కొన్నిసార్లు తగ్గించగా తగ్గించగా ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు.

నా కొలత మాత్రం నేను ఇంకా చెల్లించలేదు. అమ్మ పోయి పన్నెండేళ్లయింది. చివరి రోజుల్లో కూడా ఒకసారి, "ఆ కార్డు పటం ఎనుక నుంచి గాలికి ఎట్ల పోయిందో" అని తనలో తాను అనుకుంది. నేను మందు గ్లాసు పట్టుకుని పక్కనే నిలబడ్డాను. అప్పుడూ నోరు విప్పలేదు. ఆమెకు ఇవ్వాల్సింది ఇక ఎవరికీ ఇవ్వలేను.

మామ ఉన్నాడు. రిటైరై బెల్లంపల్లిలో ఉంటున్నాడు. ఆయాసం, దమ్ము వల్ల ఎక్కువసేపు మాట్లాడలేడు కానీ ప్రతి ఆదివారం ఫోను చేసి ఆరోగ్యం అడుగుతాడు. ఇది రాయడం పూర్తయ్యాక ఫోనులో చెప్పను. బస్సెక్కి వెళ్లి, ఆయన ముందు కూర్చుని చదివి వినిపిస్తాను. విన్నాక ఆయన ఏమన్నా పడతాను. ఆ రోజు నాలాగా ఇంకాసేపు అన్నా సరే, చాలు అని మాత్రం నేను అనను.